తొమ్మిదో గడి

నా కొట్టుకు వచ్చే ప్రతి మిక్సీకీ ఒక చీటీ కడతాను. పైన యజమాని పేరు, కింద లోపం. ‘తిరగదు’, ‘అరుస్తుంది’, ‘మూత ఎగిరిపోతుంది’. లోపం రాయకుండా ఏ మిక్సీనీ లోపల పెట్టుకోను. కాబట్టి గుడ్లకొండ యువ పరివర్తన శిబిరం వాళ్లు మా అమ్మాయి విషయంలో చేసినదాన్ని తప్పుపట్టే హక్కు నాకు పెద్దగా లేదు. అయినా తప్పుపడతాను. ఎందుకంటే బాగా పనిచేసే మిక్సీని ఎవరైనా తెస్తే ‘దీనికేం కాలేదండీ, తీసుకెళ్లండి’ అంటాను. అంతేగాని బల్లమీద పెట్టుకుని అది పాడయ్యేదాకా ఎదురు చూస్తూ కూర్చోను.

మా అమ్మాయి లోహిత ఏడో తరగతి అయింది. ప్రతి బడి నుంచీ ఇద్దరిని శిబిరానికి పంపాలని ఉత్తర్వు వచ్చిందట, హెడ్మాస్టరు గారు దీని పేరు రాసేశారు. పదిహేను రోజులు, కొండగాలి, ఈత, యోగా, వ్యక్తిత్వ వికాసం. తిండి వాళ్లదే. సామర్లకోట ఎండల్లో ఇంట్లో కూర్చుని ఫ్యాను కింద దొర్లే కంటే నయమే కదా అని సరేనన్నాను.

చేర్చిన రోజున ఒక ఫారం చేతికిచ్చారు. పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ బాగానే నడిచాయి. తొమ్మిదో గడి దగ్గర నా పెన్ను ఆగింది. ‘ప్రవేశ సమయమున శిబిరార్థి యందు గల లోపము’ అని ఉంది. దాని పక్కనే పదో గడి: ‘నిష్క్రమణ సమయమున కలిగిన పరివర్తన. కార్యాలయ ఉపయోగార్థము’.

దీనికో కథ ఉంది. కిందటేడు శిబిరం ముగిశాక పైవాళ్లు ఒక ప్రశ్న వేశారట: ‘ఇంతమంది పిల్లలు వెళ్లారు, వచ్చారు. మారిందేమిటి?’ జవాబు ఎవరి దగ్గరా లేదు. బొమ్మలు వేశారు, పాటలు పాడారు, ఒకడు కొబ్బరిచెట్టు ఎక్కి దిగాడు. ఇవేవీ మార్పు కిందికి రావన్నారట. అందుకని ఈ ఏడు పకడ్బందీగా కొత్త నిబంధన పెట్టారు. చేరేటప్పుడు ప్రతి పిల్లవాడికీ ఒక లోపం ఉండాలి. వెళ్లేటప్పుడు అది పోవాలి. పోయినట్టు అధికారి సంతకం పెట్టనిదే పిల్లవాణ్ని తల్లిదండ్రులకు అప్పగించకూడదు.

నా ముందున్న పెద్దమనిషి తన కొడుకు గురించి రాసి రాసి, ‘‘ఇంకో కాగితం ఉందాండీ?’’ అని అడిగాడు. నేను మాత్రం ‘ఏమీ లేదు’ అని రాసి, కింద గీత కూడా గీశాను. తండ్రిని కదండీ, ఆమాత్రం గీర ఉండదూ? ఆ గీతే కొంప ముంచింది.

నిజానికి లోహితతో వేగడం తేలికేం కాదు. ఆ పిల్లకు అబద్ధం రాదు. సత్యవ్రతమూ కాదు పాడూ కాదు, కొందరికి ఈల వేయడం రానట్టు దానికి అబద్ధం రాదంతే. వాళ్ల పెద్దమ్మ కొత్త పట్టుచీర కట్టుకొచ్చి ‘‘ఎలా ఉందే?’’ అంటే, ‘‘పరుపు చుట్టినట్టుంది పెద్దమ్మా’’ అంది. ఆవిడ ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. ఒకసారి కొట్లో కూర్చోబెట్టి భోజనానికి వెళ్తే, ‘‘విడిభాగం దొరకలేదని నాన్న మీకు చెప్పమన్నారండీ, కానీ నిన్న మధ్యాహ్నమంతా నిద్రపోయారు’’ అని ఓ ఖాతాదారుడికి చెప్పేసింది. అప్పటినుంచి కొట్టు ఛాయలకు రానివ్వను.

అయితే మా ఇంట్లో ఆ పిల్ల లేకపోతే జరగని పని ఒకటుంది. అది ఆవకాయ.

మా ఆవిడ మంగతాయారు ఆవకాయ పెట్టి నాలుగిళ్లకు ఇస్తుంది. కలిపిన మూడో రోజున జాడీ తీసి తిరగకలుపుతారు. అప్పుడు వేడన్నంలో ముద్ద కలిపి రుచి చూసి, ఉప్పు చాలకపోతే ఆ పూటే వేయాలి. చాలలేదని తెలియకపోతే జాడీ జాడీ బూజే. మూడు రోజులు ఆవపిండి, కారం మధ్య కూర్చున్న మనిషికి ముక్కూ నాలుకా రెండూ పనిచేయవు కాబట్టి రుచి ఇంకొకరు చూడాలి. కిందటేడు లోహిత జ్వరంతో పడుకుంటే నేను చూశాను. ‘‘అమృతం!’’ అన్నాను. పెళ్లాం కష్టపడి చేసినదాన్ని ఎవడైనా ఇంకేమంటాడు? జాడీ మొత్తం బూజు పట్టింది. మంగతాయారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది, అప్పుడు మాట్లాడకపోవడమే బాగుందనిపించింది.

ఈ ఏడు కాకినాడలో ఒక మెస్సు వాళ్లు మూడు పెద్ద జాడీలు పెట్టమన్నారు. ఆవిడకు అంత పెద్ద బేరం రావడం అదే మొదలు. ఇది నచ్చితే ఏటా ఇక్కడే అన్నారట. శిబిరం ముగిసే రోజుకు సరిగ్గా మూడో రోజు వచ్చేలా లెక్క చూసుకుని మరీ కలిపింది. ఆ ఉదయం నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, ‘‘ఏవండీ, దీపాలు పెట్టే వేళకు పిల్ల ఇంట్లో ఉండాలి. నాలుగో రోజు ఉప్పేస్తే ముక్కకు పట్టదు. మీరు మాత్రం రుచి చూడొద్దు, మీకు దణ్ణం పెడతాను’’ అంది.

గుడ్లకొండ నుంచి మూడున్నరకు బస్సు ఎక్కితే ఆరు దాటగానే ఇంట్లో ఉంటాం. దాని తర్వాతి బస్సు ఏడుకి. నేను తొమ్మిదింటికల్లా శిబిరంలో ఉన్నాను. ఆరున్నర గంటల టైముంది, పిల్లను వెంటబెట్టుకుని రావడమే కదా అని ధీమాగా షామియానా కింద కుర్చీలో కూర్చున్నాను.

వేదిక మీద ‘పరివర్తనోత్సవం’ అని పెద్ద బ్యానరు. శిబిరాధికారి బలరామమూర్తి గారు నిలువెత్తు మనిషి, మాట అంతకంటే ఎత్తు. ‘‘మహాశయులారా! నూట ఎనిమిది లోపములతో ఈ ప్రాంగణమున అడుగిడిన యువత నేడు నూట ఎనిమిది పరివర్తనములతో నిష్క్రమించుచున్నది’’ అన్నారు. చప్పట్లు కొట్టాం. ఒక్కొక్కరినే పిలవడం, లోపం చదవడం, అది పోయినట్టు అందరి ముందూ నిరూపించడం, గంట కొట్టడం, గుమాస్తా ఉమాపతి రిజిస్టరులో పదో గడి నింపడం. ఇదీ వరస.

మొదట ఫణీంద్ర అనే అబ్బాయి. లోపం: బల్లి అంటే భయం. నిరూపణ కోసం శిబిరం వాళ్లు ఒక బల్లిని గాజుసీసాలో పెట్టి ఉంచారు. అబ్బాయి సీసా మూత తీసి బల్లిని చేతిమీద పెట్టుకున్నాడు. బల్లి కదల్లేదు. రిహార్సల్సులో మూడు రోజులుగా అదే బల్లి అట, అలసిపోయింది. గంట కొట్టారు. తర్వాత గోళ్లు కొరికే అమ్మాయి వచ్చింది. పది గోళ్లూ స్కేలు పెట్టి కొలిచి, సగటు తీసి, గంట కొట్టారు. ఆ తర్వాత నలుగురిలో నోరు విప్పని అబ్బాయి. మైకు ఇవ్వగానే మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే! పదిహేను నిమిషాలకు మైకు లాక్కున్నారు. మైకు లేకుండా కూడా మాట్లాడాడు. అది నిబంధనల అనుబంధంలో అచ్చేసిన లోపాల జాబితాలో నలభై మూడోదైన ‘అతి ప్రసంగము’ కిందికి వస్తుందా, వస్తే కొత్త ఫారం నింపాలా అని వేదిక మీద కాసేపు గుసగుసలు నడిచాయి. చివరికి పాత లోపం పోయింది కాబట్టి పాత ఫారం వరకు చెల్లుతుందని తేల్చారు. వాళ్ల అమ్మ కళ్లు తుడుచుకుంటూ తీసుకెళ్లింది. దారి పొడుగునా వాడి గొంతు వినిపిస్తూనే ఉంది.

పన్నెండయ్యేసరికి లోహిత పేరు వచ్చింది. చెంగుచెంగున వేదిక ఎక్కి నన్ను చూసి నవ్వింది. కాస్త నల్లబడింది, ముఖం కళగా ఉంది. ఉమాపతి రిజిస్టరు చూశాడు, చదవబోయి ఆగాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అధికారి చెవిలో ఏదో చెప్పాడు. గంట కొట్టలేదు. నన్ను ఆఫీసు గదికి రమ్మన్నారు.

‘‘చూడండి’’ అన్నారు బలరామమూర్తి గారు ఫారం నా ముందు పెట్టి. ‘‘సదరు శిబిరార్థినికి లోపము లేదని మీరు స్వహస్తములతో నమోదు చేసియున్నారు. పైపెచ్చు గీత గీసియున్నారు.’’

‘‘అవునండీ, లేదు మరి.’’

‘‘లోపము లేనిచో పరివర్తనమునకు ఆస్కారము లేదు. పరివర్తనము లేనిచో నిష్క్రమణమునకు వీలు లేదు.’’

‘‘అయితే ఏ మార్పూ లేదని రాసి పంపేయండి సార్. ఎలా తెచ్చానో అలాగే తీసుకెళ్తాను.’’

ఆయన నన్ను జాలిగా చూశారు. ‘‘అటుల వ్రాసినచో శిబిరము విఫలమైనట్లు. నూటికి నూరు పాళ్లు అని పైకి ముందే తెలియపరచియున్నాము.’’

‘‘పోనీ అసలు చేరలేదనుకోండి.’’

‘‘చేరని వ్యక్తిని పదిహేను దినములు భుజింపజేసినందుకు సంజాయిషీ ఎవరు ఇచ్చుకొందురు?’’

నాకు చిర్రెత్తింది. ‘‘ఇదేం గోలండీ బాబూ! పిల్ల బాగుంది, అది తప్పా?’’

‘‘తప్పు అనలేదు. నిబంధనలలో లేదు అనుచున్నాము.’’

కౌన్సెలర్ హేమసుందరి మేడం మంచి మనిషి. ఆవిడే కలగజేసుకుని, ‘‘ఇప్పుడైనా ఏదో ఒకటి రాయండి, అందరి పిల్లలకూ ఏదో ఒకటి ఉంటుందిగా’’ అని అనుబంధం చేతికిచ్చింది. అరవై నాలుగు లోపాలు, వరసగా అచ్చేసి. అబ్బ, బతికిపోయాం అనుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి చూసి, ‘‘మొండితనం. ఇది రాసుకోండి’’ అన్నాను.

‘‘నేనెప్పుడు మొండితనం చేశాను నాన్నా?’’ అంది లోహిత, అమాయకంగా.

‘‘సరే, బద్ధకం.’’

‘‘పొద్దున్న ఐదింటికి లేస్తానుగా. నువ్వే ఎనిమిదింటికి లేస్తావు.’’

ఉమాపతి రాయబోయి పెన్ను ఎత్తాడు. శిబిరార్థి అంగీకరించనిదే లోపం చెల్లదట, అదీ నిబంధనే. ‘‘నిజం చెబుతుందండీ, మొహమాటం లేకుండా. చుట్టాలకూ మాకూ మధ్య దీనివల్లే చెడింది. అది రాసుకోండి’’ అన్నాను చివరికి. దానికి లోహిత కూడా ‘‘అది నిజమేనండీ’’ అంది. ముగ్గురూ అనుబంధం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకు వెతికారు. నిజం చెప్పడం అందులో లేదు. అబద్ధం చెప్పడం మాత్రం మొట్టమొదటిదే.

అప్పటికి ఒంటిగంట. మంగతాయారు ఫోను. ‘‘బయల్దేరారా?’’ అంది. ‘‘ఇదిగో, సంతకాలు అవుతున్నాయి’’ అన్నాను. లోహిత నావైపు చూసింది.

భోజనాలయ్యాక లోపాన్వేషణ ఉపసంఘం సమావేశమైంది. అంటే ఆ ముగ్గురే, కుర్చీలు మార్చుకుని కూర్చున్నారు. పదిహేను రోజులుగా కనబడని లోపం గంటలో కనబడాలంటే దానికి తగిన అవకాశం కల్పించాలని తీర్మానించారు. ఒక గదిలో పన్నెండు లడ్డూల పళ్లెం పెట్టి, లోహితను అక్కడ ఒంటరిగా పది నిమిషాలు కూర్చోబెట్టారు. గుమ్మం బయట మేం నిలబడ్డాం. ఉమాపతి కాసేపు ‘ఇప్పుడే వస్తాను’ అని వెళ్లి వచ్చాడు.

తలుపు తీశారు. పళ్లెంలో పది లడ్డూలు.

బలరామమూర్తి గారి ముఖం వెలిగిపోయింది. ‘‘చౌర్యము! అనుబంధమున పదునేడవది! అభినందనలు!’’ అని నాకు చెయ్యి ఇచ్చారు. నేనూ ఆ గాభరాలో చెయ్యి కలిపేశాను. ఏ తండ్రికీ రాకూడని అభినందన అది.

‘‘నేను తీయలేదండీ. ఉమాపతి గారు కిటికీలోంచి చెయ్యి పెట్టి రెండు తీసుకున్నారు. ఒకటి తినేశారు, ఒకటి చొక్కా జేబులో ఉంది’’ అంది లోహిత.

అందరం ఉమాపతి జేబు వంక చూశాం. నెయ్యి మరక తెల్లచొక్కా మీద కొద్దికొద్దిగా పాకుతోంది.

ఇక్కడ మీరు నవ్వుకుంటే నవ్వుకోండిగానీ అక్కడ ఎవరూ నవ్వలేదు. శిబిర ప్రాంగణంలో బయటపడిన ఏ లోపాన్నైనా తక్షణం నమోదు చేయాలని నిబంధన. ఎవరి లోపమో అందులో లేదు. ఉమాపతి తన ఫారం తనే నింపుకున్నాడు. వయసు యాభై రెండు, శిబిరార్థి సంఖ్య నూటతొమ్మిది, మంచం నంబరు కేటాయింపు. సంరక్షకుల సంతకం కావాలి కాబట్టి ఆయన భార్యకు ఫోను చేశారు. ఆవిడ అంతా విని, ‘‘తొమ్మిదో గడికి ఒక్క కాగితం చాలదండీ, నేను వస్తున్నాను’’ అందట. మరి ఉమాపతిలో వచ్చే పరివర్తనను పదో గడిలో నమోదు చేయాల్సింది గుమాస్తా. ఆ గుమాస్తా ఇప్పుడు శిబిరార్థి. దానిమీద పైకి స్పష్టత కోరుతూ లేఖ రాయాలన్నారు. లేఖ రాయాల్సిందీ గుమాస్తానే. ఆ పెద్దమనిషి పిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

లోహిత కేసు మాత్రం తేలలేదు. రెండున్నరకు బలరామమూర్తి గారు లేచి నిలబడి తీర్పు చదివినట్టు చెప్పారు. ‘‘సదరు శిబిరార్థిని యందు లోపము లేదని కాదు, ఇంకను బహిర్గతము కాలేదని ఉపసంఘము అభిప్రాయపడుచున్నది. కావున పరిశీలనార్థము మరియొక పదిహేను దినములు ఇచ్చటనే నిలుపుదల చేయడమైనది. లోపము బహిర్గతమైన మరుక్షణము దానిని సరిదిద్ది పంపివేయుదుము. మీరు నిశ్చింతగా పోయి రండి.’’

‘‘పిల్లలందరూ వెళ్లిపోయాక అదొక్కతే ఇక్కడ ఏం చేస్తుందండీ?’’

‘‘ఉమాపతి ఉండునుగదా.’’

నా ఫోను మళ్లీ మోగింది. ‘‘ఏవండీ, బస్సెక్కారా? జాడీలు వరండాలో పెట్టుకుని కూర్చున్నాను. మెస్సు వాళ్లు రేపు పొద్దున్నే బండి పంపిస్తారట. ఏవండీ, పలకరేంటి?’’ ఈసారి ఇక అబద్ధం కూడా తోచలేదు. ‘‘వస్తాం’’ అని పెట్టేశాను.

హేమసుందరి మేడం నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ‘‘అమ్మాయి చేత ఏదో ఒకటి ఒప్పించండి. ఒక్క మాట చాలు, గంట కొట్టేస్తాం. ఆయన్ని నేను చూసుకుంటాను’’ అంది. ఆవిడ మంచికే చెప్పింది.

లోహిత మెట్ల మీద కూర్చుని చెప్పులకంటిన మట్టి దులుపుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాను. చెప్పాను. ‘‘అమ్మ జాడీల ముందు కూర్చుంది తల్లీ. నువ్వు రాకపోతే అంతా పాడవుతుంది. ఒక్కసారి, ఏదో ఒకటి ఉందని ఒప్పుకో. నా కోసం.’’

‘‘లేనిది ఉందని చెప్పనా?’’

‘‘ఒక్కసారికేనమ్మా.’’

అది నన్ను చాలాసేపు చూసింది. కోపంగా కాదు. రిపేరుకి తెచ్చిన మిక్సీ లోపల ఏముందో చూద్దామని మూత విప్పి నేను చూస్తానే, అలా చూసింది. సిగ్గేసింది నాకు. తల దించుకున్నాను. అది లేచి, గౌను సర్దుకుని, తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లింది.

‘‘సార్, నేను అబద్ధాలు ఆడతానండీ.’’

బలరామమూర్తి గారు కుర్చీలోంచి సగం లేచారు. ‘‘అసత్యభాషణము! అనుబంధమున ప్రథమ లోపము! ఎప్పటి నుండి?’’

‘‘ఈమధ్యనే మొదలైందండీ.’’

‘‘ఎవరి వలన అలవడినది?’’

లోహిత గుమ్మంలో నిలబడ్డ నావైపు చూడలేదు. ‘‘ఎవరివల్లా కాదండీ’’ అంది. అది రెండో అబద్ధం. మొదటిదానికంటే తడుముకోకుండా వచ్చింది.

‘‘ఇకముందు?’’

‘‘ఆడనండీ.’’

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, నేను చూశాను. ‘‘నిమిషము గడువకుండ పరివర్తన! శిబిర చరిత్రలోనే ఇది ప్రప్రథమము!’’ అని షామియానా కిందికి ఆయనే నడిపించుకెళ్లారు. గంట మూడుసార్లు కొట్టారు. మిగిలిన తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ‘అసత్యమును విడనాడి సత్యవాదినియైనది’ అని బంగారు రంగు అక్షరాల ధ్రువపత్రం, దాంతోపాటు ‘ఉత్తమ పరివర్తిత’ షీల్డు ఇచ్చారు. అబద్ధాలు ఎలా మానుకోవాలో చెప్పడానికి వచ్చే ఏడు ముఖ్య అతిథిగా రావాలని మైకులో ఆహ్వానించారు. ఫొటోలో ఆయన నవ్వుతున్నారు, నేను నవ్వుతున్నాను. లోహిత షీల్డు పట్టుకుని కెమెరా వంక చూస్తోంది. గేటు దాటుతుంటే బెంచీ మీంచి ఉమాపతి ‘‘పాపా, ఒక్క మాట. ఆ లడ్డూ సంగతి కూడా అబద్ధమని చెప్పిపోవూ?’’ అని బతిమాలాడు. లోహిత ఆగి, ఆలోచించింది. ఇంతకుముందైతే ఆలోచించేది కాదు. ‘‘బస్సుకు టైమవుతోందండీ’’ అని నడిచింది.

మూడున్నర బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు దానికిచ్చాను. కొండ మలుపులు దాటేదాకా దాన్ని మాట్లాడించడానికి నానా తిప్పలూ పడ్డాను. ఈత వచ్చిందా అన్నాను, వచ్చిందంది. తిండి బాగుందా అన్నాను, ‘‘పప్పు రోజూ మాడేది’’ అంది. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఏం కాలేదు, నా పిల్ల నా పిల్లలాగే ఉంది అనుకున్నాను. జీడిపప్పు పాకం కొనిచ్చాను. తింటూ తింటూ, ‘‘నాన్నా, ఇంకోసారి అవసరమైతే కూడా అడుగుతావా?’’ అంది.

‘‘ఛ, ఛ! అడగనమ్మా’’ అన్నాను.

‘‘నిజమేనా?’’

నిజమేనని చెప్పాను. చెబుతున్నప్పుడు కిటికీలోంచి బయటికి చూశాను, అది మాత్రం ఒప్పుకోవాలి.

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉన్నాం. మంగతాయారు పిల్లను వాటేసుకుని, ‘‘ఎంత నల్లబడ్డావే!’’ అని, షీల్డు చూసి ‘‘ఇదేంటీ?’’ అంది. నేను తర్వాత చెబుతానన్నాను. కాళ్లు కడుక్కు రాగానే పీట వేసి కూర్చోబెట్టింది. వరండాలో మూడు జాడీలూ వరసగా ఉన్నాయి. మూతలు తీసింది, వీధి వీధంతా ఆవఘాటు. తెడ్డుతో అడుగునుంచి తిరగకలిపింది. వేడన్నంలో ఎర్రటి నూనె వేసి, ముద్ద చేసి కూతురి నోట్లో పెట్టింది. మూడు రోజుల నడుం నొప్పి, మూడు జాడీలు, మెస్సు వాళ్ల బండి అన్నీ ఆవిడ ముఖంలో కనబడుతున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతులు మోచేతుల దాకా మండుతున్నట్టున్నాయి, మధ్యమధ్య ఊదుకుంటోంది.

‘‘ఎలా ఉందే?’’

లోహిత నమిలింది. మింగింది. ఎప్పుడూ మింగకముందే చెప్పేసేది. ఈసారి వాళ్లమ్మ చేతుల వంక చూసింది. తర్వాత నావైపు చూసింది.

‘‘బాగుందమ్మా’’ అంది.

మంగతాయారు ముఖం విప్పారింది. జాడీకి వాసెన కట్టడానికి గుడ్డ అందుకుంది. నేను నోరు విప్పుదామంటే ఏమని విప్పను? ఉప్పు సంగతి నాకేం తెలుసు? ఆవిడ గుడ్డ సగం కట్టి, ఎందుకో ఆగింది. పదమూడేళ్లుగా పెంచుతున్న తల్లి కదండీ. పిల్ల ముఖం వంక చూసి అడిగింది.

‘‘నిజంగానా?’’

ఆ ఇంట్లో ఆ పిల్లను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

లోహిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చింది. కట్టిన గుడ్డ విప్పి, మొదటి జాడీలో రెండు గుప్పెళ్లు వేసింది. రెండోదాంట్లో రెండు. మూడోది కాస్త రుచి చూసి ఒకటిన్నర. తెడ్డు తీసుకుని అడుగునుంచి కలపడం మొదలుపెట్టింది. మంగతాయారు నోరు తెరిచి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. జరిగిందంతా నేను అక్కడే, ఆ జాడీల పక్కనే కూర్చుని ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆవిడ ధ్రువపత్రం తీసుకుని ఒకసారి చదివింది, మడత పెట్టి ఉప్పు డబ్బా కింద పెట్టింది.

ఆవకాయ నిలిచింది. ఒక్క ముక్కకు బూజు పట్టలేదు. వచ్చే ఏడు ఐదు జాడీలు కావాలని మెస్సు వాళ్లు ఇప్పుడే చెప్పి పెట్టారు. శిబిరం నుంచీ ఉత్తరం వచ్చింది, ముఖ్య అతిథి రాకపోకల వివరాలు పంపమని. కింద సంతకం ఉమాపతిదే. పేరు పక్కన ‘గుమాస్తా’ అని, దాని కింద ‘శిబిరార్థి, 109’ అని ఉంది.

లోహిత ఎప్పటిలాగే ఉంది. మొన్న వాళ్ల పెద్దమ్మ ఇంకో కొత్త చీర మీద నిజమే చెప్పింది, ఆవిడ మళ్లీ అలిగి వెళ్లింది. అంతా మామూలే. కాకపోతే ఆరోజు నుంచి మా ఇంట్లో దాన్ని ఏదడిగినా రెండుసార్లు అడుగుతున్నాం.